లినక్స్‌లో లెక్కకు రాని మెమొరీ

మన జహీరాబాదు చుట్టుపట్ల చెరకు పండించు రైతు మిల్లుకు సరకు తోలినప్పుడు ముందుగా బండిని కాంటా మీద నిలుపును. సరకుతో కూడిన బరువు ఒకటి, ఖాళీ బండి బరువు ఒకటి. ఈ రెంటికి గల భేదమే చెరకు బరువు. ఇంటివద్ద వేసికొన్న అంచనాకును కాంటా చీటిలోని అంకెకును తేడా వచ్చినచో తెలివిగల రైతు "చెరకు పోయినది" అని కేకలు వేయడు. "ఏ మెట్టున తగ్గినది?" అని అడుగును. కంప్యూటరు మెమొరీ తగ్గినట్లు కనిపించినప్పుడు మన విద్యార్థులు అడుగవలసినదియు ఈ ప్రశ్నయే అని చూపుట ఈ వ్యాసపు ఉద్దేశ్యము.

లినక్స్ మన వద్దకు వచ్చిన విధము

2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 అను నిర్వహణ వ్యవస్థకు మైక్రోసాఫ్టు సంస్థ ఇచ్చుచు వచ్చిన సాధారణ మద్దతు ముగిసినది. దాని తరువాతిదైన విండోస్ 11 ను ఎక్కించుటకు యంత్రములో నిర్ణీత తరమునకు చెందిన ప్రాసెసరును, టి.పి.ఎమ్. 2.0 అను భద్రతా ఏర్పాటును ఉండవలెనని నియమము. పాత యంత్రములలో అనేకము ఈ పరీక్షలో నెగ్గవు. మన వంటి చిన్న పట్టణములో విద్యార్థుల చేతులలో ఉన్నవి చాలవరకు సెకండ్‌హ్యాండు లాప్‌టాపులు. పనిచేయుచున్న యంత్రమును పారవేయు స్తోమత మనలో ఎందరికి కలదు? అందుచేత మా ప్రయోగశాలలోను, పిదప విద్యార్థుల ఇండ్లలోను లినక్స్ ప్రవేశించినది.

లినక్స్ మనకు క్రొత్తది కావచ్చును గాని లోకమునకు క్రొత్తది కాదు. 1991లో ఫిన్లాండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయములో విద్యార్థిగా ఉండిన లినస్ టోర్వాల్డ్స్ దాని కెర్నెలును, అనగా మూలభాగమును, వ్రాయ మొదలుపెట్టెను. అంతకు ముందే 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రణాళిక క్రింద తయారైన పనిముట్లు దానికి తోడైనవి. మన దేశములో సీ-డాక్ సంస్థ 'బాస్' అను పేర ఒక లినక్స్‌ను రూపొందించినది. హైదరాబాదులో పనిచేయు 'స్వేచ్ఛ' సంస్థ తెలుగులో కనిపించు లినక్స్‌ను విద్యార్థుల వద్దకు తెచ్చినది. యూనికోడ్ వలన ఉర్దూ లిపిని, తెలుగు లిపిని ఒకే పత్రములో వ్రాసికొనుటకు లినక్స్‌లో వీలున్నది. రెండు భాషల మన కళాశాలకు ఇది చిన్న సౌకర్యము కాదు.

అయితే లినక్స్ ఎక్కించిన మొదటి నెలలోనే మాకు ఒకే ఫిర్యాదు పదే పదే వినవచ్చినది. తెలుగు మాధ్యమపు పిల్లలు "సార్, లినక్స్ ఎక్కించినంక ర్యామ్ తక్కువ సూపిస్తున్నది" అనిరి. ఉర్దూ మాధ్యమపు పిల్లలు "సర్, ర్యామ్ కమ్ దిఖ్రా" అనిరి. ఈ ఫిర్యాదు చేసినవారిలో ముగ్గురి సంగతి ఇందు చెప్పెదము. మాట ఒకటే అయినను కారణములు మూడు. వాటిలో ఒకదాని విషయమున మేమే పొరబడితిమి.

మెమొరీ అను మాటకు రెండు అర్థములు

ముందుగా మాటను తేటపరచుకొందము. ఉర్దూలో 'యాద్‌దాష్త్' అన్నను, తెలుగులో 'జ్ఞాపకము' అన్నను మనుష్యునికి ఉన్నది ఒకటే. కంప్యూటరుకు మాత్రము రెండు. మొదటిది ర్యామ్. ఇది పని జరుగుచున్నంత సేపు వాడుకొను స్థలము. విద్యుత్తు ఆగినచో ఇందలి విషయము చెరగిపోవును. రెండవది హార్డ్ డిస్కు లేక ఎస్.ఎస్.డి. ఇందు వ్రాసినది యంత్రము ఆపినను నిలిచియుండును. దర్జీవాని బల్ల మొదటి దానికిని, అతని బీరువా రెండవ దానికిని పోలిక. బల్ల ఎంత పెద్దదైన అన్ని బట్టలు ఒకేసారి పరచి కత్తిరింపవచ్చును. బీరువా పెద్దదైనంత మాత్రమున బల్ల పెరుగదు. ప్రజలు రెంటిని 'మెమొరీ' అనియే పిలుతురు గనుక "మెమొరీ పోయినది" అన్నవానిని మొదట "బల్లయా, బీరువాయా?" అని అడుగవలెను. ఈ వ్యాసములో ముఖ్యముగా ర్యామ్‌ను గురించియు, చివర డిస్కును గురించి కొంతయు చెప్పెదము.

మొదటి మెట్టు: యంత్రములో ఉన్నది ఎంత?

విండోస్‌లో యంత్రపు వివరములు చూచినప్పుడు సాధారణముగా రెండు అంకెలు కనిపించును: బిగించిన ర్యామ్ ఇంత, అందు ఉపయోగమునకు వచ్చునది ఇంత. మన కన్ను పెద్ద అంకె మీదనే నిలుచును. లినక్స్‌లో చాల చోట్ల ఉపయోగమునకు వచ్చు అంకె ఒక్కటియే కనిపించును. నిన్నటివరకు '4' అని చదివిన విద్యార్థి నేడు '3.7' అని చదువును. తగ్గినది మెమొరీ కాదు. చూపెడి అంకె మారినది. ఫిర్యాదులలో అధికభాగమునకు మూలము ఇంతే.

అయినను ఊహతో సరిపెట్టుకొనరాదు. బిగించిన ర్యామ్ ఎంతయో కంప్యూటరునే అడుగవచ్చును. యంత్రము ప్రారంభించునప్పుడు ఎఫ్2 లేక డిలీట్ మీట నొక్కినచో బయోస్ తెర వచ్చును. (కొన్ని యంత్రములలో వేరొక మీట ఉండవచ్చును.) అందు మొత్తము మెమొరీ వ్రాసియుండును. ఈ తెర లినక్స్‌కును విండోస్‌కును సంబంధము లేనిది. కావున దీని సాక్ష్యము నిష్పక్షపాతము. లినక్స్‌లోనే తెలిసికొనదలచినచో టెర్మినల్ తెరచి, 'సుడో డిఎమ్ఐడీకోడ్ హైఫన్-టి మెమొరీ' అను ఆజ్ఞను ఆంగ్లపు చిన్నబడి అక్షరములలో ఇయ్యవలెను. 'డిఎమ్ఐడీకోడ్' అనునది నడుమ ఖాళీ లేని ఒకే మాట. అప్పుడు ర్యామ్ బిగించు ఒక్కొక్క స్లాటులో ఎంత పరిమాణము గల స్టిక్కు ఉన్నదో, అది డి.డి.ఆర్.3 రకమో డి.డి.ఆర్.4 రకమో వరుసగా తెలియును. ఖాళీ స్లాటు ఎదుట స్టిక్కు లేదని వ్రాసియుండును. ఈ వరుసలోని పరిమాణములను కూడి ఒక కాగితముపై వ్రాసికొనుడు. ఇది మన కాంటా చీటిలోని మొదటి అంకె.

రెండవ మెట్టు: లినక్స్ చేతికి వచ్చినది ఎంత?

'ఫ్రీ' అను ఆజ్ఞను, ఖాళీ విడిచి 'హైఫన్-హెచ్' అను గుర్తును టైపు చేసినచో ఒక చిన్న పట్టిక వచ్చును. అందు 'మెమ్' అను వరుసలో 'టోటల్' అను గడిలోని అంకెయే లినక్స్ చేతికి వచ్చిన ర్యామ్. ఇది మొదటి అంకె కంటె ఎప్పుడును కొంత తక్కువగానే ఉండును. ఆ తరుగు రెండు చోట్ల ఏర్పడును.

మొదటిది తెర పాలు. చాల లాప్‌టాపులలో బొమ్మలు చూపు గ్రాఫిక్స్ భాగమునకు వేరుగా మెమొరీ ఉండదు. ర్యామ్‌లోనే కొంత భాగమును యంత్రము ప్రారంభములోనే దానికి విడిచిపెట్టును. ఇంటెల్ యంత్రములలో ఇట్లు ముందుగా తీసి ఉంచునది తరచుగా కొద్ది పదుల మెగాబైట్లు. ఏ.ఎమ్.డి. ప్రాసెసరు గల కొన్ని యంత్రములలో 512 మెగాబైట్లు, ఒక్కొక్కచో అంతకంటె ఎక్కువయు తీయబడును. 4 గిగాబైట్ల యంత్రములో 512 మెగాబైట్లు అనగా ఎనిమిదవ వంతు. బయోస్ తెరలో ఈ భాగమును తగ్గించు వీలు కొన్ని యంత్రములలో కలదు; అన్నిటిలో లేదు.

రెండవది కెర్నెలు పాలు. కెర్నెలు ర్యామ్‌ను 4,096 బైట్ల చిన్న చిన్న పుటలుగా విభజించి, ప్రతి పుటకును ఒక చీటి వ్రాసి పెట్టుకొనును. మనము సాధారణముగా వాడు 64-బిట్ కెర్నెలులో ఈ చీటి 64 బైట్లు. 4 గిగాబైట్ల ర్యామ్‌లో 10,48,576 పుటలు ఉండును. ఒక్కొక్క దానికి 64 బైట్ల చొప్పున చీటీలకే 64 మెగాబైట్లు పట్టును. అనగా ర్యామ్ మొత్తములో 64వ వంతు. దీనికి తోడు కెర్నెలు తాను నివసించుటకును కొంత స్థలము కావలెను. యంత్రపు ప్రారంభ వ్యవస్థ తనకై అట్టిపెట్టుకొనునది మరికొంత.

ఈ రెండు పాళ్లు పోగా 4 గిగాబైట్ల ఇంటెల్ యంత్రములో 3.7 లేక 3.8 అనియు, 8 గిగాబైట్ల యంత్రములో 7.6 లేక 7.7 అనియు కనిపించుట సహజము. బండి బరువు తీసివేసినచో చెరకు తగ్గినదని ఏ రైతు అనుకొనడు.

మా పొరబాటు

మా పొరబాటు ఈ మెట్టులోనే జరిగినది. బి.కాం. చదువుచున్న ఒక విద్యార్థిని తన లాప్‌టాపును తెచ్చి, దానిలో 8 గిగాబైట్లు ఉండవలసినది 3.7 మాత్రమే కనిపించుచున్నదని చెప్పినది. అప్పటికి ఇటువంటి ఫిర్యాదులు పదింటికి జవాబు చెప్పి అలసియుంటిమి. యంత్రమును తెరచి చూడకయే "కెర్నెలు కొంత తీసికొనును, తెర కొంత తీసికొనును, భయపడవలదు" అని చెప్పి పంపితిమి.

వారము దినముల తరువాత ఆమె ఒక కాగితముతో తిరిగి వచ్చినది. మేము తరగతిలో చెప్పిన 64వ వంతు లెక్కను ఆమె తన యంత్రమునకు వేసికొన్నది. "సార్, చీటీలకు 128 పోయిన, తెరకు 512 పోయిన, ఇంకా 7 కంటె ఎక్కువే ఉండాలె గద. మీరు చెప్పిన లెక్కకు 4 జీబీ ఎట్ల పోతది?" అని అడిగినది. మావద్ద జవాబు లేదు. ఎందుకనగా మేము లెక్క చెప్పితిమే గాని లెక్క చేయలేదు.

అప్పుడు డిఎమ్ఐడీకోడ్ ఆజ్ఞ ఇచ్చి చూచితిమి. రెండు స్లాటులలో ఒకటి ఖాళీ అని వచ్చినది. బయోస్ తెరయు 4 గిగాబైట్లే చూపినది. అనగా లోపము లినక్స్‌లో లేదు, కెర్నెలులో లేదు. అంతకంటె క్రింది మెట్టులో ఉన్నది. యంత్రమును ఆపి, చార్జరు తీసి, బ్యాటరీ విడదీసి, చేతిలోని స్థిరవిద్యుత్తు పోవుటకు ఒక లోహపు వస్తువును తాకి, అడుగు మూత తెరచితిమి. రెండవ స్టిక్కు తన గాడిలో సగమే కూర్చుండి యున్నది. దానిని తీసి, తిరిగి క్లిప్పులు పడునట్లు నొక్కి బిగించి ప్రారంభించినచో 7.6 కనిపించినది.

మరి ఆ స్టిక్కు లినక్స్ ఎక్కించిన దినముననే ఎట్లు కదలినది? ఆమెను అడుగగా సంగతి తెలిసినది. లినక్స్ ఎక్కించుటకు ముందు అదే దినమున పాత హార్డ్ డిస్కును తీయించి ఎస్.ఎస్.డి. బిగింపించినదట. మూత తెరచినప్పుడు చేయి తగిలి స్టిక్కు కదలియుండవలెను. కాకి వ్రాలుటయు తాటిపండు పడుటయు ఒకేసారి జరిగినంత మాత్రమున కాకి బరువుకు పండు రాలినదని చెప్పరాదని మన పెద్దలు కాకతాళీయ న్యాయము చెప్పిరి. ఒక మార్పు తరువాత వచ్చిన ప్రతి లోపమునకు ఆ మార్పే కారణమనుకొనుట తప్పు. అట్లే అది ఎన్నటికిని కారణము కాదనుకొనుటయు తప్పే.

ఇట్లు స్టిక్కును సరిగా బిగించినను కనిపింపనిచో స్టిక్కులను ఒక్కొక్కటిగా, స్లాటులు మార్చి మార్చి పరీక్షింపవలెను. దానితో చెడినది స్టిక్కో స్లాటో తేలును. స్టిక్కు కనిపించుచుండియు యంత్రము అకారణముగా ఆగిపోవుచున్నచో 'మెమ్‌టెస్ట్86 ప్లస్' అను ఉచిత పరీక్షా ప్రోగ్రామును పెన్‌డ్రైవు నుండి నడుపవచ్చును. 2022లో వెలువడిన దాని 6వ కూర్పు నుండి అది క్రొత్త రకపు యంత్రములలోను పనిచేయుచున్నది. కనీసము ఒక పూర్తి ఆవృత్తి ముగియువరకు దానిని నడువనీయవలెను. ఒక్క తప్పు చూపినను ఆ స్టిక్కును నమ్మరాదు.

మూడవ మెట్టు: 32 బిట్లా, 64 బిట్లా?

రెండవ సంగతి మా ప్రయోగశాలలోని ఒక యంత్రమునకు సంబంధించినది. 4 గిగాబైట్ల ఆ యంత్రములో 2.9 మాత్రమే కనిపించినది. బయోస్ తెర పూర్తిగా 4 చూపుచున్నది. రెండు స్టిక్కులును సరిగానే ఉన్నవి. 'యూనేమ్ హైఫన్-ఎమ్' అను ఆజ్ఞ ఇచ్చితిమి. 64-బిట్ కెర్నెలు అయినచో జవాబులో 'ఎక్స్86' తరువాత 64 అను అంకె రావలెను. 'ఐ686' అని వచ్చినది. అనగా ఎక్కించినది 32-బిట్ కెర్నెలు. బీరువాలో పడియున్న ఒక పాత డి.వి.డి.తో ఎవరో దానిని ఎక్కించినారు.

32 బిట్లతో వ్రాయగల వేర్వేరు చిరునామాలు 2ను 32 మార్లు గుణించినంత, అనగా 4,29,49,67,296. ఇవి సరిగా 4 గిగాబైట్ల చిరునామాలు. కాని ఈ చిరునామాలన్నియు ర్యామ్‌కే చెందవు. తెర, నెట్‌వర్కు మొదలైన భాగములతో మాటలాడుటకును చిరునామాలు కావలెను. అవి ఈ 4 గిగాబైట్ల పై కొసననే కేటాయింపబడును. వీధిలో వంద ఇంటి నెంబర్లు మాత్రమే ఉండి, వాటిలో ఇరువది దుకాణములకు ఇచ్చినచో, ఇండ్లు వంద ఉన్నను ఎనుబదింటికే ఉత్తరములు చేరును. మిగిలిన ఇరువది ఇండ్లు కూలిపోలేదు. వాటికి నెంబరు లేదు. అందువలన ఇట్టి కెర్నెలులో 3 గిగాబైట్లకు అటునిటుగా కనిపించుట వింత కాదు.

ఈ ఇబ్బందిని దాటుటకు 1995లో వచ్చిన పెంటియమ్ ప్రో ప్రాసెసరుతో పి.ఏ.ఇ. అను ఏర్పాటు వచ్చినది. దానివలన 32-బిట్ కెర్నెలు కూడ 64 గిగాబైట్ల వరకు చేరగలదు. అయితే అందుకు తగిన కెర్నెలును ఎన్నుకొనవలెను. నేడు ఆ చిక్కు అవసరము లేదు. పదునైదేండ్ల నాటి యంత్రములలో సైతము చాలవరకు 64-బిట్ ప్రాసెసర్లే కలవు. ఉబుంటు సంస్థ 2017 నుండి 32-బిట్ డెస్క్‌టాపు డిస్కులను విడుదల చేయుట మానినది. లినక్స్ మింట్ ముఖ్య కూర్పు 2020లో దానిని విడిచినది. 'ఎల్ఎస్‌సీపీయూ' అను ఆజ్ఞ ఇచ్చినచో ప్రాసెసరు 32, 64 రెంటిలోను పనిచేయునో లేదో మొదటి పంక్తులలోనే తెలియును. మా యంత్రము పనిచేయుననియే చూపినది. 64-బిట్ కూర్పును తిరిగి ఎక్కింపగా 3.7 కనిపించినది. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

64-బిట్ కెర్నెలు ఉండియు 3 చిల్లర మాత్రమే కనిపించినచో బయోస్ తెరలో 'మెమొరీ రీమ్యాప్' అను ఎంపిక ఉన్నదేమో చూచి, ఆపివేసి ఉన్నచో తెరువవలెను. కొన్ని పాత యంత్రములలో ఇది ఆపివేసియుండును.

నాలుగవ మెట్టు: ఖాళీ లేకుండుట వేరు, పోవుట వేరు

మూడవ సంగతి ద్వితీయ సంవత్సరపు ఒక విద్యార్థిది. అతని అన్న కూలి డబ్బులు కూడబెట్టి కొనిపెట్టిన లాప్‌టాపు అది. దానిలో 3.7 సరిగానే కనిపించుచున్నది గాని, 'ఫ్రీ' అను గడిలో 180 మెగాబైట్లు మాత్రమే ఉన్నవి. ఒక దుకాణమున చూపగా "ర్యామ్ చెడిపోయినది, క్రొత్తది వేయవలె, లేదా లినక్స్ తీసివేయవలె" అని చెప్పిరట. 2025 చివరి నెలల నుండి లోకమంతట మెమొరీ చిప్పుల ధరలు పెరిగియున్న సంగతి చదువరులకు తెలియును. ఆ పైకము అతని ఇంటికి భారము. అతడు చదువు మానివేయవలసిన అవసరము లేకున్నను లాప్‌టాపు అమ్మివేయ నిశ్చయించుకొని మావద్దకు వచ్చెను.

ఈసారి మేము జవాబు చెప్పుటకు తొందరపడలేదు. పట్టికను అతని చేతనే చదివించితిమి. 'ఫ్రీ' 180 మెగాబైట్లు. దాని ప్రక్కన 'బఫ్/క్యాష్' 2.2 గిగాబైట్లు. చివరి గడి 'అవైలబుల్' 2.1 గిగాబైట్లు. దుకాణదారుడు మొదటి దానిని చూచి చివరి దానిని విడిచెను.

డిస్కు నుండి ఒకసారి చదివిన విషయమును లినక్స్ వెంటనే పారవేయదు. ర్యామ్‌లో ఖాళీ ఉన్నంతవరకు అందే ఉంచును. మరల అదే ఫైలు కావలసినచో డిస్కు వద్దకు పోకయే అందించును. ఇదియే క్యాష్. ఏదైన ప్రోగ్రాముకు స్థలము అవసరమైనచో ఈ క్యాష్‌లో అధికభాగమును తక్షణమే ఖాళీ చేసి ఇచ్చును. దర్జీ తన బల్ల మీద పనిలేని మూలలో రేపటి బట్టలను పెట్టుకొనును. క్రొత్త గిరాకీ వచ్చినచో వాటిని తీసి చోటు చేయును. బల్ల నిండియున్నదని క్రొత్త బల్ల కొనుట వివేకమా? ఉపయోగము లేక ఖాళీగా పడియున్న ర్యామ్‌యే నిజముగా వ్యర్థమైన ర్యామ్. విండోస్ కూడ ఇట్టి పనియే చేయును. లెక్కను చూపు తీరు వేరు.

ఈ అపోహ మన ఒక్కరిదే కాదు. లోకమంతట ఇదే గందరగోళము ఉండుటచే 2014లో కెర్నెలు 3.14వ కూర్పున 'అవైలబుల్' అను అంచనాను చేర్చిరి. క్రొత్త ప్రోగ్రాములకు ఇబ్బంది లేకుండ ఎంత ఇయ్యవచ్చునో అది తెలుపును. కావున ఖాళీని తెలిసికొనుటకు 'ఫ్రీ' గడిని కాక 'అవైలబుల్' గడిని చదువవలెను.

నమ్మకము కుదురుటకు చదువరులు ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. యంత్రమును క్రొత్తగా ప్రారంభించి పట్టికను వ్రాసికొనుడు. పిదప ఒక పెద్ద వీడియో ఫైలును ఒకచోటి నుండి మరియొకచోటికి నకలు చేసి, పట్టికను తిరిగి చూడుడు. 'ఫ్రీ' తగ్గును, 'బఫ్/క్యాష్' పెరుగును, 'అవైలబుల్' దాదాపు అట్లే ఉండును. ఆ విద్యార్థి ఈ ప్రయోగమును తన చేతితో చేసి చూచెను. లాప్‌టాపు అమ్మలేదు.

ఇక నిజముగా కొరత ఉన్నప్పుడు ఎట్లు తెలియును? 'అవైలబుల్' అంకె మొత్తములో పదవ వంతుకు దిగి అక్కడనే నిలిచినచో, 'స్వాప్' అను రెండవ వరుసలో వాడకము పెరుగుచు పోయినచో, యంత్రము మాటిమాటికి స్తంభించుచున్నచో అది కొరతయే. స్వాప్ అనునది ర్యామ్ చాలనప్పుడు డిస్కుపై తీసికొను చేబదులు. కొంత చేబదులు ఉండుట తప్పు కాదు. ఇచ్చుటయు పుచ్చుకొనుటయు ఎడతెగక సాగుచున్నచో సంసారము చక్కగా లేదని అర్థము. 'వీఎమ్‌స్టాట్ 1' అను ఆజ్ఞ ఇచ్చి 'ఎస్ఐ', 'ఎస్ఓ' అను గడులను చూచినచో ఈ రాకపోకలు క్షణక్షణము తెలియును. అప్పుడు బ్రౌజరులో తెరచియుంచిన ట్యాబులను తగ్గించుట, ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి తేలికైన డెస్క్‌టాపును వాడుట మొదటి చికిత్సలు. అవి చాలనప్పుడే స్టిక్కు కొనవలెను. కొనుటకు ముందు దాని రకమును, ఖాళీ స్లాటు ఉన్నదా అనుదానిని డిఎమ్ఐడీకోడ్ జాబితాలో సరిచూచుకొనవలెను.

డిస్కు విషయము

బీరువా తగ్గినదనువారికి మూడు మాటలు. ఒకటి: డిస్కు తయారుచేయువారు గిగాబైటును వంద కోట్ల బైట్లుగా లెక్కింతురు. అనేక ప్రోగ్రాములు 1,07,37,41,824 బైట్లను ఒక్కటిగా లెక్కించును. అందువలన 500 అని వ్రాసిన డిస్కు 465గా కనిపించును. శేరుకును కిలోకును గల భేదము వంటిది ఇది, ధాన్యము తగ్గలేదు. రెండు: లినక్స్‌లో వాడుకలో ఉన్న ఎక్స్‌ట్4 అను అమరిక సాధారణముగా నూటికి 5 వంతులను వ్యవస్థ కొరకు అట్టిపెట్టును. డిస్కు పూర్తిగా నిండినను యంత్రము నిలిచిపోకుండుటకు ఈ జాగ్రత్త. మూడు: పాత విండోస్ భాగము కనిపింపనిచో అది చెరిగిపోయినదని నిశ్చయింపరాదు. 'ఎల్ఎస్‌బీఎల్‌కే' అను ఆజ్ఞ ఇచ్చినచో డిస్కులోని భాగములన్నియు వరుసగా కనిపించును. తెరువబడని భాగము వేరు, లేని భాగము వేరు. ఈ జాబితా చూడక ముందు దేనిని ఫార్మాటు చేయరాదు. ర్యామ్ విషయములో పొరబడినచో పోవునది డబ్బు. ఇక్కడ పొరబడినచో పోవునవి మన ఫోటోలు, ప్రాజెక్టులు, సర్టిఫికెట్ల నకళ్లు. అవి తిరిగి రావు.

సారాంశము

విద్యార్థి మిత్రులారా! మెమొరీ తగ్గినట్లు తోచినప్పుడు ఈ ప్రశ్నలను ఈ వరుసలోనే వేసికొనుడు. బయోస్ తెర ఎంత చూపుచున్నది? ప్రతి స్లాటులో స్టిక్కు ఉన్నదా? కెర్నెలు 64-బిట్ దేనా? 'టోటల్' అంకె, బిగించిన ర్యామ్ కంటె తెర పాలును కెర్నెలు పాలును తీసివేసినంత మాత్రమే తక్కువగా ఉన్నదా? 'అవైలబుల్' ఎంత? ఏ ప్రశ్న వద్ద లెక్క తప్పినదో లోపము అక్కడనే కలదు. ఏ ప్రశ్న వద్దను తప్పనిచో లోపమే లేదు.

దుకాణదారుడు చూడకయే "పోయినది" అనెను. మేము చూడకయే "పోలేదు" అంటిమి. రెండును ఒకే జాతి తప్పులు. మొదటి మాట నమ్మినచో ఒక కుటుంబపు కష్టార్జితము వ్యర్థమయ్యెడిది. రెండవ మాట నమ్మినచో ఒక విద్యార్థిని సగము యంత్రముతోనే మూడేండ్లు గడిపెడిది. ఆమె మా మాటను నమ్మక లెక్కను నమ్మినది. నాటి నుండి మా ప్రయోగశాలలో ఒక నోటుపుస్తకము ఉంచితిమి. ఫిర్యాదుతో వచ్చిన ప్రతివారి యంత్రపు అంకెలను మొదట అందు వ్రాసి, ఆ తరువాతనే నోరు విప్పుచున్నాము. మొదటి పుటలోని మొదటి లెక్క ఆ విద్యార్థిని చేతివ్రాతలోనే ఉన్నది.